మయన్మార్: లెక్కలోకి వచ్చేదెవరు?

2017 జనవరి 29. యాంగాన్ విమానాశ్రయం బయట, ట్యాక్సీల కోసం జనం ఎదురుచూసే చోట, అరవై దాటిన ఒకాయన మనవణ్ని ఎత్తుకుని నిలబడ్డాడు. ఇండోనేసియా వెళ్లి అప్పుడే తిరిగొచ్చాడు. ఇంటివాళ్లు ఎదురొచ్చారు. వెనక నుంచి ఒకడు వచ్చి, దగ్గరగా తలకు గురిపెట్టి కాల్చాడు. పారిపోతున్న హంతకుణ్ని వెంటాడిన ఒక ట్యాక్సీ డ్రైవర్ కూడా అక్కడే ప్రాణం పోగొట్టుకున్నాడు. కాల్చినవాడు దొరికాడు, 2019లో మరణశిక్ష పడింది. పథకమంతా ఒక మాజీ సైనికాధికారిదని పోలీసులే చెప్పారు గానీ, ఆ మనిషి మాత్రం చిక్కలేదు.

చనిపోయినాయన పేరు కో నీ. లాయరు. ఆంగ్ సాన్ సూకీ పార్టీ అయిన నేషనల్ లీగ్ ఫర్ డెమోక్రసీకి, అంటే ఎన్‌ఎల్‌డీకి, న్యాయ సలహాదారు. మతం చూస్తే ముస్లిం. సైన్యం రాసుకున్న రాజ్యాంగంలో ఒక సందు వెతికి పట్టుకున్నవాడిగా ఆయనకు పేరు. 2011 నుంచి 2021 దాకా మయన్మార్‌లో నడిచినదాన్ని లోకమంతా ప్రజాస్వామ్యం వైపు మార్పు అంది. అందులో నిజమెంతో తెలియాలంటే సూకీ జీవితకథ కంటే కో నీ వెతికిన ఆ సందు దగ్గర మొదలుపెట్టడం మేలు. ఎందుకంటే ఆ దేశం గొడవంతా చివరికి లెక్కల గొడవే. పార్లమెంటులో ఎవరి ఓటు లెక్క, దేశంలో ఎవరు మనిషి లెక్క అన్నదే అక్కడి పేచీ.

ముందు పార్లమెంటు సంగతి. 2008 రాజ్యాంగం ప్రకారం రెండు సభల్లోనూ కలిపి 664 సీట్లు. వాటిలో 166 సీట్లకు ఎన్నికే ఉండదు. సర్వసైన్యాధిపతి పేర్లు రాసి పంపితే, యూనిఫాం వేసుకున్న అధికారులు వచ్చి కూర్చుంటారు. సరిగ్గా పావు వంతు. ముఖ్యమైన అధికరణాలు మార్చాలంటే సభలో 75 శాతం ఓట్లు చాలవు, 75 శాతం కంటే ఎక్కువ రావాలి. ఎన్నికైన సభ్యులందరూ, ఒక్కరూ తప్పిపోకుండా, మార్పుకు ఓటేసినా ఇంకొక్కటి తక్కువే. ఆ ఒక్కటీ యూనిఫాంలో ఉన్నవాడు వేయాలి. ‘కంటే ఎక్కువ’ అని రాసిన గుమాస్తా ఎవరో గానీ, సైన్యానికి ఒక ఆయుధాగారం చేసేంత మేలు చేశాడు. 2015 జూన్‌లో ఒకసారి, 2020 మార్చిలో మరోసారి ఈ నిబంధన సడలించాలని సభలో ప్రయత్నించారు. రెండుసార్లూ అదే గోడ అడ్డం వచ్చింది.

గోడ ఒక్కటే కాదు. రక్షణ, హోం, సరిహద్దు వ్యవహారాల మంత్రుల్ని ఎంపిక చేసేది సైన్యాధిపతి. హోం శాఖ చేతిలో పోలీసులే కాదు, ఊరి స్థాయి దాకా పాలన నడిపే యంత్రాంగం కూడా ఉండేది. మన దగ్గర తహసీల్దారు ఆఫీసు నుంచి గ్రామ రెవెన్యూ దాకా ఉన్న పనంతా ఒక సైనిక మంత్రి కింద ఉన్నట్టు అనుకోవచ్చు. ఆ ఒక్క విభాగాన్ని పౌర ప్రభుత్వం కిందికి తెచ్చుకోవడానికి ఎన్‌ఎల్‌డీకి 2018 డిసెంబర్ దాకా పట్టింది. ఇక దేశాధ్యక్షుడి ఎన్నికలో ముగ్గురు అభ్యర్థులుంటారు. ఒకరిని సైనిక సభ్యులు నిలబెడతారు. ఓడినా ఆయన ఉపాధ్యక్షుడవుతాడు. ఈ చిన్న ఏర్పాటు ఎందుకో 2021లో తెలిసొచ్చింది.

ఈ రాజ్యాంగానికి జనం ఒప్పుకున్న తీరు కూడా చెప్పుకోవాలి. 2008 మే 2న నర్గీస్ తుపాను ఐరావతి డెల్టాను ముంచేసింది. చనిపోయినవాళ్లు, గల్లంతైనవాళ్లు కలిపి లక్షా 38 వేల మంది అని అంచనా. శవాలు ఇంకా కాలువల్లో తేలుతుండగానే, మే 10న ప్రభుత్వం రాజ్యాంగం మీద ప్రజాభిప్రాయ సేకరణ పెట్టింది. డెల్టాలో మాత్రం పెద్ద మనసు చేసుకుని మే 24 దాకా ఆగింది. 92 శాతానికి పైగా ‘సరే’ అన్నారని ప్రకటించింది.

అందులో ఒక అధికరణం, భర్తో భార్యో పిల్లలో విదేశీ పౌరులైతే దేశాధ్యక్ష పదవికి అనర్హులంటుంది. సూకీ భర్త బ్రిటిష్ వ్యక్తి, కొడుకులిద్దరూ బ్రిటిష్ పౌరులు. 2015 నవంబర్ ఎన్నికల్లో ఎన్‌ఎల్‌డీ పోటీ ఉన్న సీట్లలో దాదాపు ఐదింట నాలుగు గెలిచినా ఆమె అధ్యక్షురాలు కాలేదు. కో నీ సందు ఇక్కడ పనికొచ్చింది. రాజ్యాంగం మార్చడానికి 75 శాతం దాటాలి, నిజమే. కొత్త పదవిని ఒక మామూలు చట్టంతో సృష్టించకూడదని ఎక్కడా లేదు కదా? మామూలు చట్టానికి మామూలు మెజారిటీ చాలు. అలా 2016 ఏప్రిల్‌లో ‘స్టేట్ కౌన్సిలర్’ అనే పదవి పుట్టింది. సైనిక సభ్యులు లేచి నిలబడి నిరసన తెలిపి, ఓటింగ్‌కు దూరంగా ఉన్నారు. సూకీ అధ్యక్షుడి కంటే పైన కూర్చున్నారు. కో నీ అక్కడితో ఆగలేదు. అసలు రాజ్యాంగమే కొత్తగా రాసుకోవాలని బహిరంగంగా వాదించేవాడు. పది నెలలు తిరగకముందే విమానాశ్రయం దగ్గర తూటా పేలింది.

ఇంత గట్టి గోడ కట్టుకున్న సైన్యం అసలు తలుపెందుకు తీసింది? ఆంక్షలకు తట్టుకోలేక అని పశ్చిమ దేశాలవాళ్లు, చైనా గుప్పిట్లో పడిపోతామన్న భయంతో అని మరికొందరు చెబుతారు. రెండింట్లోనూ కొంత నిజముంది. 2011 సెప్టెంబర్‌లో కచిన్ రాష్ట్రంలో చైనా కడుతున్న మిత్సోన్ డ్యామ్ పనుల్ని అప్పటి అధ్యక్షుడు థీన్ సీన్ ప్రభుత్వం ఆపేయడం ఆ రెండో మాటకు బలమిస్తుంది. కానీ సైన్యం బలహీనపడి తలుపు తీయలేదన్నది మర్చిపోతే తర్వాత జరిగినదేదీ అర్థం కాదు. తాళంచెవి జేబులో పెట్టుకునే తీసింది.

తీసినప్పుడు లోపలికి వచ్చిన గాలి మాత్రం నిజమైనదే. అంతకుముందు ఒక సిమ్ కార్డు ధర వెయ్యి డాలర్లు దాటిన రోజులున్నాయి. ఫోన్ ఉందంటే ఆ ఇంట్లో జనరలో, జనరల్ బంధువో ఉన్నట్టే. 2014లో నార్వే నుంచి టెలినార్, ఖతార్ నుంచి ఊరీడూ వచ్చాక అదే సిమ్ 1,500 క్యాట్‌లకు, అంటే డాలరున్నరకు, బడ్డీ కొట్లో దొరికింది. ల్యాండ్‌లైన్ ముఖం, కంప్యూటర్ ముఖం చూడని జనం ఒక్క గంతులో స్మార్ట్‌ఫోన్ దగ్గరికి వచ్చిపడ్డారు. 2012 ఆగస్టులో, అచ్చుకు ముందే వార్తల్ని ప్రభుత్వానికి చూపించాలన్న నియమం పోయింది. 2013 ఏప్రిల్‌లో అర్ధ శతాబ్దం తర్వాత ప్రైవేటు దినపత్రికలు వచ్చాయి. జైళ్ల నుంచి రాజకీయ ఖైదీలు బయటికొచ్చారు. ఇదంతా నాటకమని కొట్టిపారేయడం తేలిక. అప్పుడు పదేళ్ల వయసున్న పిల్లకి అది నాటకం కాదు, అదే లోకం. 2021లో సైన్యానికి ఎదురు నిలిచింది ఆ పిల్లే.

అయితే ఆ ఫోన్‌లోకే విషం కూడా ఎక్కింది. మయన్మార్‌లో ఇంటర్నెట్ అంటే ఫేస్‌బుక్. వార్తలు, పుకార్లు, బూతులు, బౌద్ధ భిక్షువుల ప్రసంగాలు అన్నీ అందులోనే. ముస్లింల మీద ద్వేషం నింపడంలో ఫేస్‌బుక్ పాత్ర ఎంతో ఐక్యరాజ్యసమితి నిజనిర్ధారణ బృందం 2018లో చెప్పింది. ఆ ఆగస్టులో సైన్యాధిపతి మిన్ ఆంగ్ లైంగ్ పేజీని ఫేస్‌బుక్ తీసేసింది. అప్పటికి జరగాల్సిందంతా జరిగిపోయింది.

ఏం జరిగిందో చెప్పాలంటే రెండో లెక్కలోకి, మనుషుల లెక్కలోకి, రావాలి. దీనికి తెలుగువాళ్లతో సంబంధం చాలామంది అనుకునేదానికంటే దగ్గరిది.

ఉత్తరాంధ్ర పల్లెల్లో రంగూన్‌ను, అంటే ఇప్పటి యాంగాన్‌ను, ‘రంగం’ అనేవాళ్లు. కరువొస్తే రంగం పోయేవాళ్లు. గోదావరి ముఖద్వారం దగ్గరి కోరింగ రేవు పేరు మీద అక్కడ తెలుగు కూలీలందరికీ ‘కొరంగీలు’ అని పేరు పడింది. ఓడల్లో బియ్యం బస్తాలు ఎక్కించేది, దించేది, రిక్షా లాగేది ఎక్కువగా వాళ్లే. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ జనంలో సగానికి పైగా భారతీయులు. సొంత రాజధానిలో బర్మావాళ్లు మైనారిటీ అయిపోయారు. 1930 మేలో తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేస్తే, ఓడల కంపెనీలు బర్మా కూలీల్ని పనిలోకి దించాయి. సమ్మె తేలిపోగానే వాళ్లను పొమ్మన్నాయి. కంపెనీల మీద రావాల్సిన కోపం తెలుగువాళ్ల మీదికి మళ్లింది. వందకు పైగా ప్రాణాలు పోయాయి, ఎక్కువగా మనవాళ్లవే. ఆ అల్లర్ల వేడిలోనే ‘బర్మా మాది’ అనే యువజన ఉద్యమం మొలిచింది. సూకీ తండ్రి ఆంగ్ సాన్ కూడా ఆ ఉద్యమం నుంచి ఎదిగినవాడే. అంటే బర్మా జాతీయవాదానికి ఒక కన్ను ఆంగ్లేయుడి మీద ఉంటే, రెండో కన్ను మొదటి నుంచీ భారతీయుడి మీద ఉంది. రఖైన్ రాష్ట్రంలోని ముస్లింలైన రోహింగ్యాల మీద ఈనాడు విసిరే ‘కలా’ అనే తిట్టు అప్పుడు తెలుగు కూలీ కూడా తిన్నదే.

1962లో సైనిక కుట్రతో వచ్చిన జనరల్ నే విన్ ఆ రెండో చూపును ప్రభుత్వ విధానం చేశాడు. 1964లో దుకాణాలు జాతీయం చేశాడు. దాదాపు 3 లక్షల మంది భారతీయులు చేతిలో ఉన్నవి కూడా వదిలేసి ఓడలెక్కారు. విశాఖపట్నంలో కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అనే పేరు అలా వచ్చిందే. తర్వాత 1982లో పౌరసత్వ చట్టం తెచ్చాడు. 1823కు ముందు, అంటే ఆంగ్లేయులు బర్మా మీద మొదటి యుద్ధానికి దిగకముందు, అక్కడ ఉన్న జాతుల వాళ్లే అసలు పౌరులని అది గీత గీసింది. ఆ తర్వాత ప్రభుత్వం ప్రకటించిన జాబితాలో 135 జాతులున్నాయి. రఖైన్ రాష్ట్రంలోని రోహింగ్యాలు అందులో లేరు. నే విన్‌కి 9 అంటే పిచ్చి. 1987లో చలామణీలో ఉన్న నోట్లలో చాలావాటిని రాత్రికి రాత్రి రద్దుచేసి, తొమ్మిదితో భాగించబడే 45, 90 క్యాట్‌ల నోట్లు వేయించిన మనిషి. 1, 3, 5 కూడితే తొమ్మిదేనని అక్కడివాళ్లే ఎకసెక్కమాడతారు. ఆ నోట్ల పుణ్యాన జనం దాచుకున్న డబ్బు చిత్తుకాగితమై, మరుసటి ఏడాది 1988 ఆగస్టు 8 మహా తిరుగుబాటుకు దారితీసింది.

1982 పౌరసత్వ చట్టం కింద ఇచ్చే కార్డును కాస్త దగ్గరగా చూడాలి. మూడు రంగులు. అసలు పౌరుడికి గులాబీ, రెండో తరగతికి నీలం, మూడో తరగతికి ఆకుపచ్చ. కార్డు మీద జాతి ఏదో, మతం ఏదో రాసి ఉంటుంది. నంబరు మధ్యలో బ్రాకెట్లో ఒక అక్షరం పెడతారు. చెక్‌పోస్టు దగ్గర పోలీసు కన్ను ముందు పడేది ఆ అక్షరం మీదే. రెండో తరగతికి బర్మీస్‌లో ఉన్న పేరుకు మాటకు మాట అర్థం చెబితే ‘అతిథి పౌరుడు’. తాతముత్తాతల నాటి నుంచి అక్కడే పుట్టి, అక్కడే పోయే కుటుంబానికి ప్రభుత్వం పెట్టిన పేరది. మోన్ రాష్ట్రంలో, బాగో వైపు ఇప్పటికీ మిగిలిన తెలుగు కుటుంబాలకూ ఆ చట్టమే వర్తిస్తుంది. రోహింగ్యాలకు అతిథి హోదా కూడా దక్కలేదు. తాత్కాలికంగా తెల్ల కార్డులు ఇచ్చారు.

ఇక్కడే మార్పు అనే మాట బండారం బయటపడుతుంది. సైన్యం తన చెప్పుచేతల్లో నడిపిన 2010 ఎన్నికల్లో తెల్ల కార్డున్న రోహింగ్యాలు ఓటేశారు, వాళ్లలోంచి ఎంపీలు కూడా వచ్చారు. అందరూ మెచ్చుకున్న 2015 ఎన్నికల నాటికి ఆ కార్డులు రద్దయ్యాయి, ఓటూ పోయింది. మధ్యలో 2014లో, ముప్పై ఏళ్ల తర్వాత, జనాభా లెక్కలు తీశారు. గణకుడు ఇంటికొచ్చి జాతి అడుగుతాడు. ‘రోహింగ్యా’ అంటే పెన్ను మూసి వెళ్లిపోతాడు. ‘బెంగాలీ’ అనాలి. అనని వాళ్లు రఖైన్‌లోనే దాదాపు 10 లక్షల 90 వేల మంది. వాళ్లను ఉజ్జాయింపుగా వేసుకుని దేశ జనాభా 5 కోట్ల 14 లక్షలని తేల్చారు. ప్రజాస్వామ్యం పెరిగేకొద్దీ లెక్కలోంచి జారిపోయేవాళ్లు పెరిగారు. మెజారిటీ బర్మన్ బౌద్ధుల ఓటు కోసం పోటీ మొదలయ్యాక ముస్లిం వైపు మాట్లాడటం ఏ పార్టీకీ గిట్టుబాటు కాలేదు. 2015లో ఎన్‌ఎల్‌డీ ఒక్క ముస్లింకు కూడా టికెట్ ఇవ్వలేదు. ఆ పార్టీకి కో నీ బుర్ర కావాల్సొచ్చింది గానీ, ఆయన మతం వాడొకడు అభ్యర్థిగా కనబడకూడదు.

2017 ఆగస్టు 25న రోహింగ్యా సాయుధులు పోలీసు చౌకీల మీద దాడులు చేశారు. దానికి సైన్యం ఊళ్లకు ఊళ్లు తగలబెట్టి బదులిచ్చింది. కొన్ని నెలల్లో 7 లక్షల మందికి పైగా నాఫ్ నది దాటి బంగ్లాదేశ్ చేరారు. గాంబియా వేసిన కేసులో 2019 డిసెంబర్‌లో హేగ్ అంతర్జాతీయ న్యాయస్థానం ముందు మయన్మార్ తరఫున నిలబడి, ఇది జాతి నిర్మూలన కాదని వాదించింది మరెవరో కాదు, నోబెల్ శాంతి బహుమతి గ్రహీత సూకీ. సైన్యం ఆమె మాట వినదు కదా, ఆమె ఏం చేయగలదు అంటారు. అది సగం నిజం. సైన్యాన్ని ఆపే శక్తి ఆమెకు లేదు. కానీ హేగ్‌కు వెళ్లమని ఎవరూ తరమలేదు. ఒక ఊళ్లో జరిగిన రోహింగ్యాల సామూహిక హత్యను బయటపెట్టిన ఇద్దరు రాయిటర్స్ విలేకరులు 1923 నాటి బ్రిటిష్ రహస్యాల చట్టం కింద 500 రోజులకు పైగా జైల్లో ఉన్నది కూడా ఆమె ప్రభుత్వం ఉండగానే. పౌర ప్రభుత్వానికి కూడా కొన్ని లెక్కలు సైన్యం వేసినట్టే ఉంటే బాగుండుననిపించింది.

సైన్యం ఆ సేవను గుర్తుపెట్టుకోలేదు. 2020 నవంబర్ 8 ఎన్నికల్లో ఫలితాలు వచ్చిన 476 సీట్లలో ఎన్‌ఎల్‌డీ 396 గెలిచింది. సైన్యం అండ ఉన్న పార్టీకి 33. సైన్యాధిపతి మిన్ ఆంగ్ లైంగ్‌కు జులైలో 65 ఏళ్లు నిండి రిటైర్ కావాలి. దేశాధ్యక్షుడు కావాలన్న ఆశకు ఆ 33 ఎక్కడా ఆనలేదు. ఓటర్ల జాబితాలో లక్షల తప్పులున్నాయన్నారు. కొత్త పార్లమెంటు కొలువుతీరాల్సిన 2021 ఫిబ్రవరి 1 తెల్లవారుజామున సూకీని, అధ్యక్షుడు విన్ మియింట్‌ను పట్టుకుపోయారు.

ఇక్కడ ఆ పాత ఏర్పాటు పనిచేసింది. ఎమర్జెన్సీ ప్రకటించే అధికారం అధ్యక్షుడిది. అధ్యక్షుడు కస్టడీలో ఉన్నాడు కనక, సైన్యం నిలబెట్టిన ఉపాధ్యక్షుడు మియింట్ స్వే తాత్కాలిక అధ్యక్షుడయ్యాడు. ఎమర్జెన్సీ ప్రకటించి, అధికారాలన్నీ సైన్యాధిపతికి అప్పగించాడు. అంతా అధికరణం నంబర్లతో సహా, పద్ధతిగా. 1962లో ట్యాంకులు చాలాయి. 2021లో కాగితం కూడా సిద్ధంగా ఉంది. అందుకే దీన్ని మార్పు మధ్యలో వచ్చిన ఆటంకం అనడం సరికాదు. 2008లో గీసిన పటంలో ఈ గది కూడా ఉంది.

పటంలో లేనిది వీధిలో జరిగింది. మొదట రోడ్డెక్కినవాళ్లలో యాంగాన్ శివార్లలోని లైంగ్‌తాయా బట్టల ఫ్యాక్టరీల ఆడకూలీలు ఉన్నారు. ప్రభుత్వాసుపత్రుల డాక్టర్లు డ్యూటీ మానేశారు. వాళ్ల వెనక టీచర్లు, రైల్వే ఉద్యోగులు, బ్యాంకు గుమాస్తాలు. జనం కరెంటు బిల్లు కట్టడం మానేశారు. సైన్యం కంపెనీ బీరు తాగడం మానేశారు. రాత్రి ఎనిమిదైతే ఇంటింటా గిన్నెలు, మూకుళ్లు మోగేవి. దయ్యాన్ని ఇంట్లోంచి తరమడానికి అక్కడ పాతకాలం నుంచీ చేసే పనే అది.

అన్నిటికంటే చిత్రమైంది లుంగీల సంగతి. మయన్మార్‌లో మగవాడికి ‘ఫోన్’ అనే ఒక తేజస్సు ఉంటుందని నమ్మకం. మన చేతిలోని ఫోన్ కాదు, పుట్టుకతో మగాడికి వచ్చే మహిమ లాంటిది. ఆడవాళ్లు కట్టుకునే లుంగీని తమెయిన్ అంటారు. ఆరేసిన తమెయిన్ కింద నుంచి మగవాడు నడిస్తే ఆ తేజస్సు పోతుంది. అందుకే ఇళ్లలో మగవాళ్ల బట్టలతో కలిపి ఉతకరు, తల ఎత్తున తీగ కట్టి ఆరేయరు. 2021 మార్చిలో ఆడపిల్లలు వీధికి అడ్డంగా తాళ్లు కట్టి, వాటి మీద రంగురంగుల తమెయిన్‌లు ఆరేశారు. తుపాకులు పట్టుకుని వచ్చిన సైనికులు ఆగిపోయారు. కిందినుంచి వెళ్లడానికి మనసొప్పక, ఒకడు ట్రక్కు పైకెక్కి తాళ్లు తెంపుతుంటే మిగతావాళ్లు ఎదురుచూశారు. ఆ కాసేపట్లో వీధిలో ఉన్నవాళ్లు తప్పించుకున్నారు. మరి కొన్ని రోజులకు కుర్రాళ్లు తమెయిన్ గుడ్డను తలకు చుట్టుకుని ఫొటోలు పెట్టారు. అమ్మ లుంగీ తలకు చుట్టుకున్న కొడుకు ఆ దేశంలో పదేళ్ల కిందట ఊహకు అందడు.

మారిన రెండోది అంతకంటే బరువైనది. మధ్య మైదానంలోని బర్మన్లకు కచిన్, కరెన్, చిన్ లాంటి మైనారిటీ జాతుల ఊళ్ల మీద బాంబులు పడటం డెబ్భై ఏళ్లుగా రేడియోలో వినే సంగతి. మార్చి 14న లైంగ్‌తాయాలో పదుల సంఖ్యలో, మార్చి 27న సైనిక దినోత్సవం రోజు దేశమంతటా వందమందికి పైగా చంపాక, తూటా తమ వీధిలోకి వచ్చింది. ‘రోహింగ్యాలు చెప్పింది అబద్ధం అనుకున్నాం, క్షమించండి’ అనే అర్థంతో పోస్టులు రావడం మొదలైంది. ఎన్నికైన ఎంపీలు, జాతుల నాయకులు కలిసి ఏప్రిల్ 16న ఏర్పరచుకున్న జాతీయ ఐక్యతా ప్రభుత్వం, జూన్ 3న ఒక ప్రకటనలో రోహింగ్యా అనే పేరునే వాడి, 1982 చట్టాన్ని రద్దు చేస్తామంది. 2023లో ఒక రోహింగ్యాకు మానవహక్కుల ఉపమంత్రి పదవి ఇచ్చింది. ఓట్లు అడగాల్సిన ప్రభుత్వం చేయలేని పనిని, అడవిలో, పరాయి దేశంలో తలదాచుకున్న ప్రభుత్వం చేసింది. చేతిలో అధికారం వచ్చాక కూడా అదే మాట మీద ఉంటుందా అన్న అనుమానానికి తావు ఉంది.

అనుమానానికి కారణం రఖైనే. 2023 అక్టోబర్ 27న మూడు సాయుధ దళాల కూటమి ఉత్తర షాన్ రాష్ట్రంలో సైన్యం మీద దాడి మొదలుపెట్టింది. 2024 ఆగస్టులో లాషియోలోని ఈశాన్య కమాండ్, డిసెంబర్‌లో రఖైన్‌లోని ఆన్ పట్నంలో పశ్చిమ కమాండ్ సైన్యం చేజారాయి. ప్రాంతీయ సైనిక కేంద్రాలు ఇలా పడిపోవడం మయన్మార్ చరిత్రలోనే లేదు. లాషియో మాత్రం చైనా ఒత్తిడితో 2025 ఏప్రిల్‌లో మళ్లీ సైన్యం చేతికి వచ్చిందనుకోండి. రఖైన్‌లో 17 టౌన్‌షిప్‌లకు, అంటే మన మండలాల లాంటివాటికి, 14 చోట్ల 2024 చివరికల్లా ఆ కూటమిలోని రఖైన్ దళం అరకాన్ ఆర్మీ పట్టు సాధించింది. సైన్యం పోయింది కదా అని రోహింగ్యాల కష్టం తీరలేదు. బుథిడాంగ్‌లో ఇళ్లు తగలబెట్టారని, జనాన్ని తరిమేశారని అరకాన్ ఆర్మీ మీద కూడా ఆరోపణలు వచ్చాయి. అటు సైన్యం 2024 ఫిబ్రవరిలో నిర్బంధ సైనిక సేవ చట్టం అమల్లోకి తెచ్చి, శిబిరాల్లోని రోహింగ్యా కుర్రాళ్లను పట్టుకెళ్లి తుపాకులిచ్చింది. పౌరసత్వ చట్టం ప్రకారం వాళ్లు పౌరులు కారు. సైనిక సేవ పౌరుల బాధ్యత. మనిషి లెక్కలోకి రానివాడు సిపాయి లెక్కలోకి వచ్చేశాడు.

ఆ సైనిక సేవ చట్టం పట్నాల్లో తెచ్చిన టెన్షన్ అంతా ఇంతా కాదు. మగవాళ్లకు 18 నుంచి 35, ఆడవాళ్లకు 18 నుంచి 27 ఏళ్ల మధ్య ఉంటే చాలు. పది రోజులు తిరగకముందే మాండలే పాస్‌పోర్టు ఆఫీసు ముందు తొక్కిసలాటలో ఇద్దరు మహిళలు చనిపోయారు.

తూర్పు సరిహద్దులో ఇంకో లోకం నడుస్తోంది. థాయ్‌లాండ్ సరిహద్దు పక్కన మ్యావడీ దగ్గర, సైన్యంతో పొత్తున్న దళాల నీడలో, ఆన్‌లైన్ మోసాల కాలనీలు మొలిచాయి. డేటా ఎంట్రీ ఉద్యోగమని బ్యాంకాక్ విమానమెక్కించి, నది దాటించి, పాస్‌పోర్టు లాక్కుని, ఫోన్లో జనాన్ని ముంచే పని చేయిస్తారు. 2025 మార్చిలో మన వాయుసేన విమానాల్లో థాయ్‌లాండ్ సరిహద్దు పట్నం మే సోట్ నుంచి తిరిగొచ్చిన 540 మందికి పైగా భారతీయుల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కుర్రాళ్లూ ఉన్నారు. ముత్తాతలు రంగం పోయింది ఓడలో, వీళ్లు పోయింది టూరిస్టు వీసా మీద. రెండు ప్రయాణాల్లోనూ దళారీ మాత్రం ఊరివాడే.

అదే మార్చి 28న సగాయింగ్, మాండలేల్లో 7.7 తీవ్రతతో భూకంపం వచ్చి 3,700 మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత కూడా వైమానిక దాడులు ఆగలేదు. జులై 31న ఎమర్జెన్సీ ముగిసిందన్నారు. ఎన్నికల మీద విమర్శ చేస్తే జైలు అనే చట్టం ఆ రోజుల్లోనే వచ్చింది. 2025 డిసెంబర్ 28న మొదలుపెట్టి మూడు విడతల్లో ఎన్నికలు పెట్టారు. బ్యాలెట్ మీద ఎన్‌ఎల్‌డీ లేదు. సైన్యం నియమించిన కమిషన్ దగ్గర రిజిస్టర్ చేసుకోలేదన్న కారణంతో 2023 మార్చిలోనే దాన్ని రద్దుచేశారు.

ఓటర్ల జాబితా కోసమని 2024 అక్టోబర్‌లో మళ్లీ జనాభా లెక్కలు తీశారు. గణకుల వెంట తుపాకులతో సైనికులు నడిచారు. దేశ జనాభా 5 కోట్ల 13 లక్షలని ప్రకటించారు. అందులో దాదాపు 1 కోటి 90 లక్షల మందిని ఎవరూ కలిసింది లేదు, అడిగింది లేదు. దూరం నుంచి వేసిన అంచనా మాత్రమే. 330 టౌన్‌షిప్‌లలో లెక్క పూర్తిగా తీయగలిగింది 145 చోట్ల. 58 చోట్ల గణకుడు అడుగే పెట్టలేకపోయాడు.